వీరాంజనేయులి ఒంటి తుమ్ము

పర్చూరు దాటాక వచ్చే మా ఊళ్ళలో వీరాంజనేయులంటే ఏ వీరాంజనేయులని అడుగుతారు. వర్జ్యం వీరాంజనేయులని చెప్పండి, పని మానుకుని మరీ ఇంటిదాకా వచ్చి దిగబెట్టి పోతారు.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. వర్జ్యంలో విత్తనం వెయ్యడు. దుర్ముహూర్తంలో బేరం ఆడడు. రాహుకాలంలో క్షవరానికి కూర్చోడు. ఒకసారి సగం గడ్డం గీయించుకున్నాక రాహుకాలం పడిందని గుర్తొచ్చి, మిగతా సగం మర్నాటికి వాయిదా వేసి, మొహానికి తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చాడు. భార్య సుబ్బరావమ్మ తలుపు తీసి, పన్ను నొప్పా అని అడిగింది. పక్కింటి గడ్డివామి అంటుకున్నప్పుడు బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇంకో రెండు నిమిషాలుంది" అన్నాడని కూడా చెప్పుకుంటారు. అది మాత్రం పచ్చి అబద్ధం. బిందెతో పరుగెత్తాడు. కాకపోతే కుడికాలు ముందు పెట్టి పరుగెత్తాడు.

అన్నిటికన్నా ఆయనకు తుమ్మంటే హడలు. బయల్దేరేవేళ ఎవరైనా ఒక్కసారి తుమ్మితే అంతే, వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. వెంటనే రెండో తుమ్ము పడితే దోషం లేదు, దర్జాగా పోవచ్చు. ఇది అందరికీ తెలిసిన శాస్త్రమే, అందరూ కాస్తో కూస్తో పాటించేదే. కానీ మిరపకాయ పండే ఊళ్ళో పుట్టి తుమ్ముకు భయపడితే ఎట్లా బతకడం? కల్లాల్లో కాయ ఎండబోసే రోజులొచ్చాయంటే ఊరు ఊరంతా తుమ్ముతుంది. మనుషులే కాదు, గేదెలు కూడా తుమ్ముతాయి. ఆ రెండు నెలలూ వీరాంజనేయులు పొలం పోవాలంటే తుమ్ముకూ తుమ్ముకూ మధ్య సందు చూసుకుని పోవాల్సిందే.

నవ్వుకుంటే నవ్వుకోండి. మేమూ నవ్వుకున్నవాళ్ళమే. కానీ ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. కూతురు శ్రీరమ్య పుట్టుకతో వచ్చింది.

అప్పుడు సుబ్బరావమ్మకు ఇంట్లోనే నొప్పులొచ్చాయి. కాన్పులు చేసే అవ్వ పొద్దున్నుంచీ ఇదిగో ఇదిగో అంటూ కూర్చుంది. పొద్దు వాలేసరికి ఆమెకే చెమటలు పట్టాయి. ఇక లాభం లేదని తమ ట్రాక్టరే బయటికి తీసి, వెనక ట్రక్కులో పత్తి పరిచి సుబ్బరావమ్మను పడుకోబెట్టారు. బండి కదలబోతుండగా వాకిట్లో ఎవరో తుమ్మారు. "కాసేపాగరా" అంది వీరాంజనేయులి తల్లి. ఆయన ఆగలేదు. చీరాల ఇంకా సగం దూరం ఉందనగా టైరు పగిలింది. ఆ నడిరోడ్డు మీద, పత్తి మీద, భార్య చెయ్యి తన చేతిలో చల్లబడుతుంటే ఇంకో బండి వచ్చేదాకా ఆయన పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. చీరాలలో ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనూ దక్కించారు. ఇక పిల్లల మాట మర్చిపొమ్మన్నారు.

ఆ తుమ్ముకు ఆగి ఉంటే టైరు పగిలేది కాదని ఆయన నమ్మకం. "అది తుమ్ము చేసిన పని కాదయ్యా, అరిగిన టైరు చేసిన పని. మార్చమని అప్పటికే ఆర్నెల్లు నెత్తీ నోరూ కొట్టుకున్నా" అని సుబ్బరావమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయన వింటేగా.

ఇప్పుడు ఆ శ్రీరమ్యకే తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెల పెట్టగానే హైదరాబాదు నుంచి వచ్చింది. అల్లుడు చైతన్యకృష్ణ దింపిపోయాడు. పిల్లతోపాటు కారులోంచి గుమ్మడికాయకు తాతలాంటి నీలం రంగు రబ్బరు బంతి ఒకటి దిగింది.

"ఇదేందమ్మా, పుట్టబోయేవాడికి ఇప్పుడే బంతా?" అన్నాడు వీరాంజనేయులు.

"నాకే నాన్నా. దీని మీద కూర్చుని ఊగితే నార్మల్ డెలివరీ తేలికవుతుంది."

ఫోనులో క్లాసులు వింటున్నదట. రోజూ నడవాలి, బంతి మీద ఊగాలి, నొప్పి వచ్చినప్పుడు ముక్కుతో నిండా గాలి పీల్చి నోటితో మెల్లగా వదలాలి. వాకిట్లో ఆమె ఊగుతుంటే ప్రహరీ మీదనుంచి సగం ఊరు చూసింది. ఒకనాడు బంతి దొర్లుకుంటూ పోయి కల్లంలో ఎండుతున్న తేజ రకం మిరపకాయల మీద పడి ఎర్రగా తిరిగొచ్చింది. సుబ్బరావమ్మ దాన్ని కుంకుడుకాయతో తోమింది.

వీరాంజనేయులు మాత్రం బంతిని నమ్ముకోదలచలేదు. పర్చూరు వెళ్ళి సిద్ధాంతిగారి దగ్గర కూర్చుని, తొమ్మిదో నెల నిండాక వచ్చే గురువారం, దశమి పూట, మంచి ముహూర్తం పెట్టించుకొచ్చాడు. ఆ గడియలో పుట్టినవాడు కలెక్టరన్నా అవుతాడట, కలెక్టర్ని బదిలీ చేయించేవాడన్నా అవుతాడట.

"ఆ టైముకు ఆపరేషన్ చేయిద్దాం తల్లీ. నొప్పులుండవు, రోడ్డు మీద పరుగులుండవు" అన్నాడు.

"ఎప్పుడు రావాలో బిడ్డకు తెలుసు నాన్నా."

"బిడ్డకు పంచాంగం తెలుసా?"

తెలియదని శ్రీరమ్య ఒప్పుకుంది. కానీ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు.

సరే, చూసే డాక్టరమ్మనే అడుగుదామని ముగ్గురూ చీరాల పోయారు. డాక్టర్ నస్రత్ గారు అంతా పరీక్ష చేసి, తల్లీ బిడ్డా బాగున్నారని, నొప్పులు రానివ్వమని చెప్పారు. వీరాంజనేయులు గొంతు సవరించుకుని గురువారం సంగతి ఎత్తాడు.

"కొయ్యాల్సిన అవసరం వస్తే నేను ఒక్క నిమిషం ఆగనండీ. గురువారం వచ్చిందని మాత్రం కొయ్యను" అన్నారావిడ.

"మా ఆవిణ్ణి కోసే కదండీ బతికించింది. నేను ఆపరేషన్ వద్దనే మూర్ఖుణ్ణి కాను."

"మీరు ఆపరేషన్ అడగట్లేదండీ. గురువారం అడుగుతున్నారు."

సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరాంజనేయులికి తల కొట్టేసినట్టయింది. ఆ వారంలోనే, చెప్పిన గడియకు కోసిపెట్టే ఆస్పత్రి ఇంకొకటి కనుక్కుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గురువారానికి కూతురి పేరు రాయించి వచ్చాడు. అక్కడివాళ్ళు ఖాయం చెయ్యడానికి శ్రీరమ్య ఫోనుకే ఫోన్ చేశారు. అంత తెలివిగా జరిగింది గూడుపుఠాణీ.

శ్రీరమ్య అరవలేదు. అరిచినా బాగుండేది. కల్లంలో కాయ తిరగేస్తున్న తండ్రి దగ్గరికి మెల్లగా నడిచొచ్చి, "నీ భయం నా కోసమా నాన్నా, నీ పంచాంగం కోసమా?" అని అడిగింది.

నీ కోసమే తల్లీ అనొచ్చుగా. ఆ ముక్క ఆయన నోట రాలేదు. పత్తి, ట్రక్కు, చల్లటి చెయ్యి ఇవన్నీ ఒక్కసారిగా గొంతుకు అడ్డం పడ్డాయి. ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. ఆయన రెండు రోజులు అన్నం కెలికి వదిలేశాడు. కూతురు మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదని ఆయనకు అప్పుడే తెలిసింది.

బుద్ధి వచ్చిందనుకునేరు. అంత తేలిగ్గా వస్తే ఆయన వర్జ్యం వీరాంజనేయులు ఎందుకవుతాడు? గురువారం ఆస్పత్రిలో ఉండాలంటే బుధవారమే బయల్దేరాలి, బుధవారం ప్రయాణానికి కుదరలేదు. అందుకని ఆదివారమే మంచి గడియ చూసి పరస్థానం పెట్టాడు. అంటే మన సామాను ఒకటి మంచి వేళకు గుమ్మం దాటించి ఎదురింట్లో పెట్టాలి. అప్పుడే మనం బయల్దేరినట్టు లెక్క, తర్వాత ఎప్పుడు పోయినా దోషం ఉండదు. శ్రీరమ్య చీరలు, పసిగుడ్డకు పాత గుడ్డలు పెట్టిన సంచీ అట్లా ఎదురింటి మాలిక్ ఇంటికి చేరింది. మాలిక్‌కి ఆటో ఉంది. ఉదయం మనుషుల్ని తిప్పుతాడు, సాయంత్రం మిరపకాయ బస్తాలు తోలుతాడు.

"బాబాయ్, మీ సంచీ మా ఇంట్లో కులాసాగా ఉంది. రాత్రి బిర్యానీ పెట్టమంటావా?" అని రోజూ వాకిట్లోనుంచి కేకేసేవాడు మాలిక్.

గురువారం రానే లేదు. మంగళవారం వచ్చింది. సోమవారం సాయంత్రం నుంచే శ్రీరమ్యకు సన్నగా నడుము నొప్పి. చెబితే నాన్న ఇంకో ఆస్పత్రి అంటాడని చెప్పలేదు. మంగళవారం పొద్దున బంతి మీద కూర్చుని ఉండగానే ఉమ్మనీరు పోయింది. సుబ్బరావమ్మ చూసి, డాక్టరమ్మకు ఫోన్ చేసి, అల్లుడికి ఫోన్ చేసి, ఆ నోటితోనే మాలిక్‌ని కేకేసింది. అల్లుడు హైదరాబాదులో బస్సెక్కాడు. మాలిక్ ఆటో వాకిట్లోకి తెచ్చి, సీటు దులిపి, బొంత పరిచి, ఎన్నడో బయల్దేరిన సంచీని ఎక్కించాడు.

వీరాంజనేయులు గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాడు. మంగళవారం. అష్టమి. పైగా వర్జ్యం నడుస్తోంది. ఇంతకన్నా చెడ్డ వేళ వెతికినా దొరకదు.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి శ్రీరమ్యకు గట్టి నొప్పి వచ్చింది. ఒక చేత్తో గుమ్మం కమ్మీ, ఇంకో చేత్తో తండ్రి భుజం పట్టుకుంది.

"నాన్నా, నాతోపాటు గాలి పీల్చు" అంది.

ఇన్నాళ్ళకు కూతురు మాట్లాడింది. ఆ సంతోషంలో ఆయన కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు వెడల్పు చేసి, గుండె నిండా గాలి పీల్చాడు. ఎదురుగా నిన్న సాయంత్రం తేజ కాయ బస్తాలు మోసిన ఆటో ఉంది. సీటు ఎంత దులిపితే మాత్రం ఆ ఘాటు పోతుందా? వీరాంజనేయులు వీధి చివరిదాకా వినబడేట్టు తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మాలిక్ తాళంచెవి మీదనుంచి చెయ్యి తీసేశాడు. అలవాటు అట్లాంటిది.

"ఇంకోటి తుమ్ము బాబాయ్. సరిపోద్ది" అన్నాడు.

రావాలిగా. వీరాంజనేయులు ఎండకేసి చూశాడు. తువ్వాలు కొస మెలిపెట్టి ముక్కులో దూర్చుకున్నాడు. ఆటో సీటులో మొహం పెట్టి వాసన పీల్చాడు. కల్లంలోకి పరుగెత్తి గుప్పెడు కాయ తీసుకుని నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జీవితమంతా వద్దన్నప్పుడల్లా వచ్చిన తుమ్ము, ఒక్కసారి రమ్మంటే రాలేదు. మాలిక్ జాలిపడి తనే పెద్దగా హాఛ్ అన్నాడు.

"దొంగ తుమ్ము చెల్లదురా" అన్నాడు ఆయన, ముక్కు ఎర్రగా చేసుకుని.

"ఉండయ్యా, పొయ్యిలో నాలుగు కాయలు పడేస్తా. ఊరంతా తుమ్ముద్ది, కావాల్సినన్ని ఏరుకుందువుగాని" అంది సుబ్బరావమ్మ పళ్ళు కొరుకుతూ. "ఆ సంచీ ఆదివారమే బయల్దేరింది కదయ్యా. మనం దాని వెనక పోతన్నాం, అంతేగా."

అంత నొప్పిలోనూ శ్రీరమ్యకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఇంకో నొప్పి వచ్చింది. ఈసారి గాలి పీల్చడం మర్చిపోయింది. కమ్మీ వదిలేసి రెండు చేతులతో తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నాకు భయమేస్తోంది."

క్లాసులు విన్న పిల్ల, ఎప్పుడు రావాలో బిడ్డకు తెలుసన్న పిల్ల, ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ మాట అంది. వీరాంజనేయులు ఆ చేతుల్ని చూశాడు. వెచ్చగానే ఉన్నాయి. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి, మిరపకాయ వల్ల కొంత, మిగతాది కాదు. చేతిలో కాయ కింద పారేసి, గబగబా ఆటో దగ్గరికి పోయి, వంగి, ముందు టైరు నొక్కి చూశాడు. తర్వాత వెనక టైర్లు రెండూ ఒక్కో తన్ను తన్ని చూశాడు.

"టైర్లు బాగున్నాయంటావా మాలిక్?"

"పోయిన నెలే కొత్తవి వేయించా బాబాయ్."

"అయితే పద."

సుబ్బరావమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళ మొగుడు ఈవేళ కొత్తగా కనిపించాడు. అనాల్సింది చాలా ఉంది కానీ, అది తీరిగ్గా అనొచ్చని దాచుకుంది.

ఆటో ఊరు దాటీ దాటకముందే రెండో తుమ్ము వచ్చింది. ఆ వెనకే మూడోది, నాలుగోది. చీరాల చేరేదాకా ఆపితే ఒట్టు. "ఎన్నయినాయి బాబాయ్? సరా, బేసా?" అని మాలిక్ అద్దంలోంచి అడిగాడు. "రోడ్డు చూసి నడపరా" అన్నాడు వీరాంజనేయులు, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని.

ఆస్పత్రిలో అంతా శ్రీరమ్య కోరుకున్నట్టే మొదలైంది. డాక్టరమ్మ నడవమంది, నడిచింది. నొప్పి వచ్చినప్పుడల్లా గాలి పీల్చింది. బయట వరండాలో వీరాంజనేయులు కూడా పీలుస్తూ వదులుతూ కూర్చున్నాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, పక్కన కూర్చున్న ముసలాయన ఈయనకే ఉబ్బసమనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక డాక్టర్ నస్రత్ గారు బయటికొచ్చారు. మొహంలో నవ్వు లేదు. "పొద్దున్నుంచి అమ్మాయి చాలా బాగా తట్టుకుందండీ. కానీ బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. ఇక ఆగకూడదు. ఆపరేషన్ చెయ్యాలి. ఇప్పుడే" అన్నారు.

అల్లుడి బస్సు ఇంకా దారిలోనే ఉంది. వీరాంజనేయులు లోపలికి పోయాడు. శ్రీరమ్య జుట్టంతా చెమటకు అంటుకుపోయి ఉంది.

"నేననుకున్నట్టు కాలేదు నాన్నా" అంది ఏడుస్తూ.

"నేననుకున్నట్టు మాత్రం అయిందా ఏంది తల్లీ" అన్నాడు ఆయన. కొంగు లేదు కాబట్టి తువ్వాలుతో ఆ పిల్ల మొహం తుడిచాడు. ఆ తువ్వాలుకు మిరప ఘాటు ఉందని తుడిచాక గానీ గుర్తు రాలేదు. "అబ్బా, కళ్ళు మండుతున్నాయి నాన్నా" అని శ్రీరమ్య మళ్ళీ నవ్వింది. అప్పుడు చెప్పాడు. ఆనాడు కల్లంలో గొంతు దాటి రాని మాట ఇప్పుడు వచ్చింది. "నీ కోసమేనమ్మా. అప్పుడూ నీ కోసమే, నీకేమన్నా అవుద్దేమోనని."

"తెలుసులే నాన్నా. సంతకం పెట్టు. నేను పెట్టేశా."

నర్సమ్మ కాగితం తెచ్చింది. పాపం, ఇట్లాంటి తండ్రుల్ని రోజూ చూసే మనిషి. "మంగళవారం కదండీ, ఇప్పుడు రాహుకాలం నడుస్తోంది. కొంతమంది పట్టించుకుంటారు, చెప్పలేదనుకుంటారని" అని నసిగింది.

"రాహుకాలంతో నీకేం పనమ్మా? కలం ఇటు తే" అని వీరాంజనేయులు ఆమె మీద ఎగిరిపడ్డాడు. సుబ్బరావమ్మ గోడకానుకుంది.

ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం. గుక్క పట్టి ఏడిస్తే వరండా దద్దరిల్లింది. సుబ్బరావమ్మ, వీరాంజనేయులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. మాలిక్ మిఠాయి కోసం పరుగెత్తాడు.

కాసేపటికి వియ్యపురాలు ఫోన్ చేసింది. సంతోషాలన్నీ అయ్యాక, "అన్నయ్యగారూ, జాతకం రాయించాలి. పాప సరిగ్గా ఎన్నింటికి పుట్టిందండీ? మీరైతే సెకన్లతో సహా చెబుతారుగా" అంది.

గేదెలు ఈనిన గడియ కూడా నోటికి చెప్పే మనిషి. ఒకసారి చేతి గడియారం వైపు చూసుకున్నాడు.

"నేను చూళ్ళేదు చెల్లెమ్మగారూ" అన్నాడు.

వారం పోయాక ఇంటికి పంపారు. అల్లుడు శ్రీరమ్యను పట్టుకుని మెల్లగా నడిపించుకొస్తున్నాడు. సుబ్బరావమ్మ చేతిలో పెద్ద సంచీ. పాప వీరాంజనేయులి చేతుల్లో ఉంది. మాలిక్ ఆటోని రెండుసార్లు కడిగి, అగరొత్తులు గుచ్చి తెచ్చాడు. సరిగ్గా ఆస్పత్రి గుమ్మం దాటబోతుండగా, తాత తువ్వాలు మొహానికి తగిలిందో ఏమో, పాప ముక్కు చిట్లించి చిటుక్కున తుమ్మింది.

ఒక్కటే తుమ్ము.

అల్లుడు ఆగాడు. శ్రీరమ్య ఆగింది. సుబ్బరావమ్మ సంచీ కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆగాలా బాబాయ్?" అన్నాడు మాలిక్.

వీరాంజనేయులు మనవరాలి మొహంలోకి చూశాడు. రెండో తుమ్ము కోసం కాదు.

"చిరంజీవ" అన్నాడు. "నూరేళ్ళు బతుకు తల్లీ."

తర్వాత ఏ కాలు ముందు పెట్టాడో చూసుకోకుండా ఆటో ఎక్కి కూర్చున్నాడు.